జనం పెరగని జిల్లాలో ఇసుకకు కరువెందుకు?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి విజయనగరం జిల్లాలో తేలిన జనం 23.44 లక్షలు. అంతకు పదేళ్ల ముందుతో చూస్తే పెరిగింది 4.23 శాతం. పక్కనున్న శ్రీకాకుళంలో 27.03 లక్షలు, పెరుగుదల 6.52 శాతం. అదే పదేళ్లలో దేశ జనాభా 17.7 శాతం పెరిగింది. (2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం విడిపోకముందు ఉన్న పాత జిల్లాల లెక్కలివి.)

జనం ఇంత నెమ్మదిగా పెరిగిన చోట నీళ్లకీ ఇసుకకీ చేపలకీ లోటు ఉండకూడదు. కానీ నాగావళి, వంశధార నదుల్లో ఇసుక తవ్వే రీచ్‌ల దగ్గర ట్రాక్టర్ల బారులు తగ్గలేదు. మే నెల వచ్చేసరికి ఏట్లో ఊటబావులు నీరసిస్తాయి. సముద్రం పక్కనే పుట్టిన జాలరి వేటకోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతాడు. ‘జనం పెరిగిపోతున్నారు, అందుకే ఏదీ చాలడం లేదు’ అని రచ్చబండ మీద తేలిగ్గా తేల్చేసే మాట ఈ రెండు జిల్లాల దగ్గర బోర్లా పడుతుంది. అది ఎక్కడ తప్పుతోందో చూస్తే అసలు చిక్కు ఏ వైపుందో తెలుస్తుంది.

ముందు ఒక జాగ్రత్త. 4.23 శాతం అంటే పిల్లలు తక్కువ పుట్టారని మాత్రమే కాదు, ఉన్నవాళ్లు వెళ్లిపోయారని కూడా. అదే లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్లకు విజయనగరంలో 1,019 మంది, శ్రీకాకుళంలో 1,015 మంది ఆడవాళ్లున్నారు. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 943. ఇక్కడ ఆడపిల్లలు ఎక్కువ పుట్టి ఇలా అవలేదు. విశాఖ, హైదరాబాద్, చెన్నైల్లో కట్టే అపార్ట్‌మెంట్ల దగ్గర మన మగవాళ్లుండబట్టి అయింది. వాళ్లు తినే బియ్యం, తాగే నీళ్లు అక్కడి ఖాతాలో పడుతున్నాయి. వలస జనాన్ని తగ్గించదు, వాళ్ల బరువును చోటు మారుస్తుంది. అయితే పుట్టుక తగ్గిన మాటా నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, దేశంలో 2.0. తల్లిదండ్రుల స్థానాన్ని పిల్లలు సరిగ్గా భర్తీ చేయాలంటే 2.1 ఉండాలి.

ఎప్పటికీ పెరుగుతూ పోవచ్చా?

పోలేం. దీనికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, చక్రవడ్డీ లెక్క తెలిస్తే చాలు. 800 కోట్ల జనాభా ఏటా ఒక్క శాతం చొప్పున వెయ్యేళ్లు పెరిగితే ఇప్పటికి 20 వేల రెట్లు దాటుతుంది. భూమ్మీద నేల మొత్తం 14.9 కోట్ల చదరపు కిలోమీటర్లు. హిమాలయాలు, సహారా ఎడారి, అంటార్కిటికా మంచు అన్నీ కలుపుకున్నా చదరపు మీటరుకు ఒక మనిషి చొప్పున నిలబడాలి. పడుకోవడానికి చోటుండదు. కాబట్టి పెరుగుదల ఆగుతుందా అన్నది ప్రశ్నే కాదు. ఎలా ఆగుతుంది, ఆగేలోపు ఏవి పాడవుతాయి అన్నవే ప్రశ్నలు.

పెరుగుదల ఇప్పటికే ఆగే దారిలో ఉంది. 1960లలో ప్రపంచ జనాభా ఏటా 2 శాతానికి పైగా పెరిగేది. ఆ లెక్కన 35 ఏళ్లలోపే రెట్టింపవ్వాలి. ఇప్పుడు ఒక శాతం కంటే తక్కువ. 2022 నవంబరులో 800 కోట్లు దాటింది. ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం 2080లలో సుమారు 1,030 కోట్ల దగ్గర శిఖరానికి చేరి తర్వాత మెల్లగా దిగుతుంది. 2023లో చైనాను దాటిన భారతదేశం 2060ల మొదట్లో సుమారు 170 కోట్ల దగ్గర నిలుస్తుందని అదే అంచనా.

ఇద్దరే చాలనుకున్నాక కూడా ఇంకా ఎందుకు పెరుగుతున్నాం? ఒక ఊరిని ఊహించుకోండి. తాతల తరం 100 మంది, తండ్రుల తరం 200, పిల్లల తరం 300. మొత్తం 600. ఇకమీదట ఏ జంటా ఇద్దరికి మించి కనలేదనుకుందాం. ఆ 300 మందికీ 300 మంది పుడతారు; పోయేది తాతల తరం 100 మందే. ఊరు 800 అవుతుంది. ఇంకో తరం గడిస్తే 900. అక్కడ ఆగుతుంది. ఎవరూ గీత దాటకుండానే ఊరు ఒకటిన్నర రెట్లయింది. మనం ఇవాళ చూస్తున్న పెరుగుదలలో పెద్ద భాగం ఇదే: నలుగురైదుగుర్ని కన్న కాలం నాటి బాకీ ఇప్పుడు తీరుతోంది. ‘ఇంకా కనేస్తున్నారు’ అని ఎవరినో వేలెత్తి చూపేవాళ్లు ముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూడాలి.

తిండి దగ్గర మాల్థస్ తప్పిందెక్కడ?

జనం గుణకారంలో పెరుగుతారు, తిండి కూడికలో పెరుగుతుంది, తేడాను కరువు సరిచేస్తుంది అని ఇంగ్లిష్ ఆర్థికవేత్త థామస్ మాల్థస్ 1798లో వాదించాడు. ఆయన 1805 నుంచి ఇంగ్లండులో ఈస్టిండియా కంపెనీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఇక్కడికి వచ్చిన దొరలు చాలామంది చదివింది అక్కడే. 1866 కరువులో ఒడిశా జనంలో మూడో వంతు పోయారని అంచనా. ఆనాటి గంజాం జిల్లా కూడా దెబ్బతింది. ఇవాళ్టితో పోలిస్తే అప్పటి జనం గుప్పెడు. బియ్యం బయటినుంచి తెప్పించడానికి అధికారులు వెనకాడారు, ధర పెరిగితే వ్యాపారులే తెస్తారని నమ్మారు. తర్వాత తెప్పిద్దామనుకునేసరికి వానలు పడి దారులు మూసుకుపోయాయి. ఆ చావుల్ని జనాభా పద్దులో రాయడం అన్యాయం.

1950-51లో మన దేశంలో హెక్టారుకు సగటున 668 కిలోల బియ్యం పండేది. ఇప్పుడు 2,800 దాటింది, అంటే నాలుగు రెట్లకు పైన. 1951లో 36 కోట్లున్న జనం ఇప్పుడు సుమారు 146 కోట్లు, అదీ నాలుగు రెట్లే. సాగు విస్తీర్ణం కూడా పెరిగింది కాబట్టి చేతిలో ధాన్యం మిగులుతోంది. ఇవాళ ప్రపంచంలో బియ్యం ఎక్కువగా ఎగుమతి చేసేది మనమే. పొట్టి రకాలు, కాలువలు, రాగోలు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాల వంటి ప్రాంతీయ రకాలు, అన్నిటికీ ఇందులో పాలుంది. కానీ అన్నిటికంటే పెద్ద పాలు గాలిలోని నత్రజనిది. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో దాన్ని అమ్మోనియాగా పట్టి చూపాడు, కార్ల్ బాష్ 1913కల్లా కర్మాగారం నడిపించాడు. ఆ పద్ధతే లేకపోతే ఇవాళ్టి జనాభాలో సుమారు సగం మందికి తిండి ఉండేది కాదని లెక్కలు కట్టారు. మాల్థస్ ఊహకు అందనిది ఇదే.

దీనికీ ఒక షరతుంది. ఉత్తర కోస్తాలో ఖరీఫ్ వరికి ఎకరాకు సుమారు 32 కిలోల నత్రజని సిఫారసు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే దాదాపు 21 కిలోలు. ఒకటిన్నర బస్తాతో సరిపోవాలి. బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతుంది కాబట్టి చాలామంది ఇంకో బస్తా గుమ్మరిస్తారు. మడిలో నిండా నీళ్లుండగా చల్లిన యూరియాలో మొక్కకు చేరేది మూడో వంతు, మహా అయితే 40 శాతం. మిగతాది ఏమవుతుంది? మధ్యాహ్నం ఎండలో మడినీటిలోని పాచి నీటి క్షారగుణాన్ని పెంచుతుంది, కొంత అమ్మోనియా వాయువై గాలిలో కలుస్తుంది. ఇంకొంత నైట్రేట్‌గా మారి అడుగు బురదకు దిగుతుంది. అక్కడ ఆక్సిజన్ ఉండదు కాబట్టి సూక్ష్మజీవులు దాన్ని మళ్లీ నత్రజని వాయువుగా వదిలేస్తాయి. సహజవాయువు కాల్చి, ఓడలో దింపి, సబ్సిడీ ఇచ్చి తెచ్చిన సరుకు వచ్చిన చోటికే, గాలిలోకే పోతోంది. నీరు తీసేసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలు ఆగి నీరు పెడితే, మొత్తాన్ని మూడు దఫాలుగా వేస్తే ఈ నష్టం బాగా తగ్గుతుంది. ఈ పనికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు, మడిలో నీరు తీసి పెట్టగలిగే వీలుండాలి. కాలువ శివారు రైతుకు లేనిది అదే: ఒకసారి వదిలేస్తే మళ్లీ నీరెప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి నిండు మడిలోనే చల్లేస్తాడు.

నత్రజని గాలిలో కావలసినంత ఉంది. భాస్వరం అలా కాదు, రాతిలోంచి తవ్వాల్సిందే. దానికి బదులుగా వాడేది ఇంకొకటి లేదు. ప్రపంచ నిల్వల్లో సుమారు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారాల్లో ఉన్నాయి. మనకు పొటాష్ ఎరువు దాదాపు పూర్తిగా దిగుమతే. జనాభా గురించి నిజంగా భయపడేవాళ్లు అన్నం కంచం కంటే భాస్వరం ఎరువైన డీఏపీ బస్తా వైపు చూడాలని మా అభిప్రాయం.

ధర ఉన్నది, లేనిది

1980లో జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, ఆర్థికవేత్త జూలియన్ సైమన్ పందెం వేసుకున్నారు. రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్: ఒక్కోటీ 200 డాలర్ల విలువైనది, మొత్తం వెయ్యి. జనం పెరిగి కొరత వస్తుంది, పదేళ్లలో ధరలు పెరుగుతాయన్నది ఎర్లిక్ మాట. ఆ పదేళ్లలో జనం 80 కోట్లకు పైగా పెరిగారు. ద్రవ్యోల్బణం తీసేస్తే ధరలు తగ్గాయి. 1990లో ఎర్లిక్ 576.07 డాలర్ల చెక్కు పంపించాడు. వేరే పదేళ్లు ఎంచుకుని ఉంటే ఫలితం తారుమారయ్యేది కూడా, కాబట్టి ఈ పందేన్ని వేదవాక్కు చేసుకోనక్కర్లేదు. కానీ ఒక సంగతి చూపించింది: ధర ఉన్న సరుకు కరువైతే ధర పెరుగుతుంది, పెరిగితే పొదుపు చేస్తారు, పాత ఇనుము కరిగిస్తారు, ఇంకోటి వాడతారు, ఇదివరకు వద్దనుకున్న గనిని మళ్లీ తవ్వుతారు.

విజయనగరం జిల్లాలో దీనికి పాఠం ఉంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1890లలో మొదలైంది చీపురుపల్లి వైపు కోడూరులోనే. ఆ ఊరి పేరుతోనే ఒక రాతికి కోడురైట్ అని పేరుంది. గనిలో ముందు మేలిమి ఖనిజం పోతుంది, ఆ తర్వాత నాసిరకం. నాసిదాన్ని కడిగి, వేరుచేసి వాడే పద్ధతులు వస్తాయి. ఖనిజం ఒక్క రోజున అయిపోదు. ఒక టన్ను లోహానికి తవ్వాల్సిన రాయి పెరుగుతూ పోతుంది. ఎప్పుడో ఒకనాడు తవ్వకం గిట్టదు, అప్పుడు ఆగుతుంది. ఇది నష్టమే కానీ కళ్లముందు, బిల్లులో కనిపించే నష్టం.

బిల్లు లేనివాటితోనే చిక్కు. ఏట్లో ఇసుక పట్టి ఉంచిన నీరు, సముద్రంలో చేప, బోరు కింద నీరు, పైనున్న గాలి. వీటికి యజమాని లేడు, కాబట్టి ఎంత తగ్గినా ధర పెరిగి ‘ఆగండి’ అని చెప్పేవాడు లేడు. జనం తగ్గినా ఇవి తరిగిపోగలవు. మన రెండు జిల్లాల్లో జరుగుతున్నది ఇదే.

ఒక ట్రాక్టరు ఇసుక

ట్రాక్టరు తొట్టిలో మామూలుగా పట్టేది ఒక యూనిట్, 100 ఘనపుటడుగులు, అంటే 2.83 ఘనపు మీటర్లు. ఏటి ఇసుకలో రేణువుల మధ్య ఖాళీల్లో నిండి, తోడితే బయటికి వచ్చే నీరు ఘనపరిమాణంలో సుమారు 20 శాతం. అంటే ఆ ట్రాక్టరు ఇసుక ఏట్లో ఉన్నప్పుడు సుమారు 565 లీటర్లు దాచేది. జలజీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. ఒక్కో ట్రాక్టరుతో పాటు పదిమంది ఒక రోజు నీళ్లు దాచుకునే గది పోతోంది. అదీ ఒక్కసారికి కాదు, ఏటా వరదకు నిండే గది.

ఇప్పుడు ఇల్లు చూద్దాం. వెయ్యి చదరపు అడుగుల డాబాకు కాంక్రీటు, గోడలు, ప్లాస్టరింగు కలిపి చదరపు అడుగుకు ఒకటిన్నర నుంచి రెండు ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. పదిహేను నుంచి ఇరవై ట్రాక్టర్లు. ఊళ్లో జనం పెరగలేదు కానీ ఉమ్మడి ఇల్లు మూడు కాపురాలైంది. తాటాకిల్లు, పెంకుటిల్లు శ్లాబు అయింది. చెన్నైలోనో గల్ఫ్‌లోనో సంపాదించిన డబ్బుతో కట్టి తాళం వేసిన డాబాలు ఈ రెండు జిల్లాల్లో ఏ ఊరికెళ్లినా నాలుగైనా కనిపిస్తాయి. మనిషి అక్కడ, ఇసుక ఇక్కడ. దీనికి తోడు విశాఖ కట్టడాలకు పోయే లారీలు. తలలు లెక్కపెట్టి ఈ గిరాకీని అంచనా వేయలేం.

ఇసుక ధరంటే తవ్వకం కూలి, లోడింగు, రవాణా, మధ్యవాళ్ల లాభం. 2024 జులైలో ఉచిత ఇసుక విధానం వచ్చాక సీనరేజి (ప్రభుత్వానికి కట్టే రుసుము) భారం తగ్గింది, అంతకు ముందు విధానాల్లో ఎక్కువ. ఏ విధానంలోనూ ఆ 565 లీటర్ల గదికి అద్దె కట్టినవాడు లేడు. ఏటి మట్టం ఒక మీటరు దిగితే వేసవిలో నీటి మట్టం కూడా దాన్నే అనుసరిస్తుంది. ఊటబావి అడుగున అడ్డంగా వేసిన రంధ్రాల గొట్టాలు గాలి పీలుస్తాయి, మోటారు వేడెక్కి ఆగుతుంది, పంచాయతీ ట్యాంకరు పిలుస్తుంది. కళింగపట్నం లాంటి సముద్ర తీరంలో ఇంకో ప్రమాదం ఉంది. సముద్ర మట్టానికి పైన నిలిచిన ప్రతి మీటరు తీపి నీరూ కింద సుమారు 40 మీటర్ల దాకా ఉప్పు నీటిని అణచి ఉంచుతుంది, తీపి నీరు తేలిక కాబట్టి. పైన అర మీటరు తగ్గితే కింద ఉప్పు 20 మీటర్లు పైకి లేస్తుంది. బోరు ఒకసారి ఉప్పుబారితే మళ్లీ తీపెక్కడానికి ఏళ్లు పడుతుంది.

వరద కొత్త ఇసుకను తెస్తుంది కదా అంటారు. తెస్తుంది, పైన ఆనకట్టలు ఆపినంత పోను. అందుకే కేంద్రం ఇసుక మార్గదర్శకాల్లో తవ్వకానికి ముందు ఏటా ఎంత ఇసుక చేరుతోందో కొలవాలని, మూడు మీటర్లు లేదా నీరు తగిలే లోతు, రెండిట్లో ఏది తక్కువైతే అక్కడ ఆపాలని ఉంది. నియమం చక్కగా ఉంది. రాత్రి పూట కొలటేపు పట్టుకుని ఏట్లో నిలబడేది ఎవరన్నదే సందేహం.

నీళ్లు తాగేదెవరు?

వంశధారలో 115 టీఎంసీల నీరుందని, ఆంధ్ర, ఒడిశా చెరి సగమని 1962 నాటి ఒప్పందం. మన వాటా 57.5. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. ఉమ్మడి శ్రీకాకుళంలోని 27 లక్షల మందికీ పట్నాల లెక్కన రోజుకు 135 లీటర్లు ఇచ్చినా ఏడాదికి 4.7 టీఎంసీలు. పల్లె లెక్కన 55 లీటర్లయితే 1.9. జనం రెట్టింపైనా వంశధార వాటాలో ఆరో వంతు దాటదు. పైగా నాగావళి ఉంది, మహేంద్రతనయ ఉంది, గెడ్డలున్నాయి.

మరి మిగతాది ఎటు పోతోంది? ఎకరం వరి మడి చూడండి. దమ్ముకు 200 మిల్లీమీటర్లు, మొక్క పీల్చి ఆవిరయ్యేది 600 దాకా, అడుగుకు ఇంకేది 400 అనుకుంటే మొత్తం 1,200. ఎకరానికి 48.5 లక్షల లీటర్లు. 80 కిలోల బస్తాలు 25 పండితే రెండు టన్నుల ధాన్యం, మర పట్టిస్తే 1,340 కిలోల బియ్యం. కిలో బియ్యానికి 3,600 లీటర్లు! ఖరీఫ్‌లో ఇందులో సగమో పైనో వాన ఇస్తుంది. కాలువ సగం ఇస్తే టీఎంసీకి 11 వేల ఎకరాల పైన తడుస్తాయి, వాన మొహం చాటేస్తే ఆరు వేలు కూడా తడవవు. ఒక మనిషి రోజూ తాగి, వండి, కడిగే 55 లీటర్ల పక్కన అతని కంచంలో అరకిలో బియ్యం 1,800 లీటర్లు తాగి కూర్చుంది. అదే మన ముసలమ్మలు తాగిన చోడి (రాగి) అంబలి, మెట్ట గరువుల్లో వాన మీదే పండే గంటి (సజ్జ), కాలువ ముఖం చూడవు. రేషన్‌లో బియ్యం వచ్చింది, చోడి వెనకపడింది. ఇది ఎవరి తప్పూ కాదు కానీ నీటి లెక్క మారిపోయింది.

అసలు చిక్కు మొత్తంలో కంటే కాలంలో ఉంది. వంశధార నీరంతా జులై నుంచి అక్టోబరు దాకా వచ్చిపోతుంది. గొట్టా బ్యారేజీ నీటిని మళ్లిస్తుంది, పెద్దగా నిలవ చేయదు. నిలవ కోసం కట్టింది హిరమండలం రిజర్వాయరు, సామర్థ్యం 19.05 టీఎంసీలు. ఇక కొన్నిచోట్ల నీటి కొరత అసలు కొరతే కాదు, నాణ్యత. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పచ్చగా ఉంటాయి, బావుల్లో నీరుంటుంది, కిడ్నీలు పోతాయి. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇప్పటికీ తేల్చలేదు. భూగర్భ జలం మాన్పించి హిరమండలం నుంచి ఏడు మండలాలకు నదీజలం తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరులో మొదలైంది. జనం సగానికి సగం తగ్గినా ఉద్దానం నీటి బాధ తీరేది కాదు.

వరి నీటిని తగ్గించే మార్గం తెలిసిందే, ఆరుతడి. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగంలో చుట్టూ రంధ్రాలు వేసి, మడిలో 15 సెంటీమీటర్లు పైకి ఉండేలా పాతి, లోపలి మట్టి తీసేయాలి. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక అయిదు సెంటీమీటర్లు నిలిచేలా తడి ఇవ్వాలి. నాటిన మొదటి రెండు వారాలు, పూత సమయం మాత్రం ఆరనివ్వకూడదు. పూతలో ఆరితే తాలు గింజలే. బాగా చేస్తే దిగుబడి తగ్గకుండా నీరు నాలుగో వంతు నుంచి మూడో వంతు మిగులుతుంది. మరెందుకు అందరూ చేయరు? నీటి తీరువా ఎకరానికి, లీటరుకు కాదు. మిగిల్చిన నీరు మిగిల్చినవాడికి దక్కదు, కాలువలో ముందుకు పోతుంది. పైగా నేల ఆరితే కలుపు లేస్తుంది. ఎగువ రైతుకు ఖర్చు, శివారు రైతుకు లాభం. ఇలాంటి బేరం ఎక్కడా తెగదు.

చేపది ఇంకా పచ్చి ఉదాహరణ. వలలో ఈరోజు వదిలేసిన పిల్లచేప రేపు నా వలలోనే పడుతుందన్న హామీ ఏ జాలరికీ లేదు. అందుకని సన్నకన్ను వల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం గుడ్లు పెట్టే కాలాన్ని కాస్తుంది కానీ మిగతా పది నెలల్లో వల కన్నును కాయదు. 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళం నుంచి వెరావల్ పోయి, 2018 నవంబరులో పాకిస్తాన్ దళాలకు చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర బయటపడినవాళ్ల సంగతి అందరికీ గుర్తే. గాలి గురించి ఒక్క మాట: ఏటా తలకు అమెరికన్ వదిలే కార్బన్ డయాక్సైడ్ 14 టన్నుల చిల్లర, భారతీయుడిది రెండు. పుట్టిన బిడ్డ బరువు ఏ దేశంలో పుట్టిందన్న దాన్ని బట్టి ఏడు రెట్లు మారుతుంది.

జనం తగ్గితే తీరిపోతుందా?

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994లో వచ్చింది. 2024 నవంబరులో మన శాసనసభ దాన్ని తీసేసింది. ముప్పై ఏళ్లలో భయం తలకిందులైంది: అప్పుడు ఎక్కువవుతారని, ఇప్పుడు ముసలివాళ్లే మిగులుతారని. ఎక్కువమందిని కనమని పిలుపునిచ్చినా, వద్దని పిలుపునిచ్చినా రాబోయే ఇరవై ఏళ్ల నీటి, ఇసుక లెక్కలు పెద్దగా మారవు. ఆ లెక్కలు నడిపే పెద్దవాళ్లందరూ ఇప్పటికే పుట్టేశారు.

మనుషులు తక్కువైతే వనరులు మిగులుతాయనుకోవడం కూడా సగం నిజమే. చెరువు పూడిక తీయాలన్నా, మదుము (తూము) బాగుచేయాలన్నా, గట్టు మీద తుప్పలు కొట్టాలన్నా చేతులు కావాలి. ఊళ్లో అరవై దాటినవాళ్లే ఉంటే చెరువు సగం లోతుకు పూడుకుపోతుంది. అంతమేర బోర్ల మీద పడతారు. ఉభాల (నాట్ల) కాలంలో కూలీలు దొరక్క శ్రీకాకుళం రైతులు చాలామంది ఆకుమడి మానేసి ఎదలకు దిగారు, విత్తనం నేరుగా పొలంలోనే. పొడి దుక్కిలో ఎద పెడితే దమ్ము నీరు మిగులుతుంది, పంట వారం పది రోజులు ముందే చేతికొస్తుంది. కానీ నాట్ల పొలంలో నిలిచిన నీరు చేసే కలుపు పనిని ఇక్కడ మందు చేయాలి. విత్తిన రెండు మూడు రోజుల్లో తేమ ఉండగా పెండిమిథాలిన్, మళ్లీ 15 నుంచి 20 రోజుల మధ్య, గడ్డి రెండు నుంచి అయిదు ఆకుల దశలో ఉన్నప్పుడు, ఎకరానికి 100 మిల్లీలీటర్ల బిస్పైరిబాక్ సోడియం 200 లీటర్ల నీటిలో. ఆ వారం వాన పట్టుకుని మందు కొట్టడం కుదరకపోతే ఊద గడ్డి అయిదో ఆకు దాటుతుంది. తర్వాత రెండింతలు కొట్టినా పచ్చగానే నిలబడుతుంది, కలుపు తీసేవాళ్ల కోసం పక్క మండలానికి ఆటో పంపాల్సిందే.